చదువు కోసం ఊరు దాటినవాళ్ళు, ఊరికి చదువు తెచ్చినవాళ్ళు



మన సంఘం ప్రత్యేక సంచికకు ఈ ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాయవలసిందిగా సంపాదకవర్గం వారు నన్ను కోరారు. రామగిరి వాణ్ణి కాబట్టి బంగారు గనుల మీద రాస్తానని చాలామంది అనుకుని ఉంటారు. ఇంగ్లీషు కంపెనీల కాలంలో మొదలైన ఆ గనులు 2001 నాటికి మూతపడ్డాయి. వాటి కథ మన సభ్యుల్లో అనేకులకు కంఠతా వచ్చు. నేను రాయదలచుకున్నది మరొక విషయం. మన సీమ బిడ్డలకు పెద్ద చదువు ఎలా అందింది, ఎంత ఆలస్యంగా అందింది, అందుకోసం ఎవరెవరు పాటుపడ్డారు అన్నది.

ఈ ఆలోచన రావడానికి కారణం మా మనుమరాలు. ఆ అమ్మాయి అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో చదువుకుంటోంది. ఒకనాడు ఫోనులో, "తాతా, మా యూనివర్సిటీలో హిస్పానిక్ పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళ ఇండ్లలో కాలేజీ మెట్లెక్కింది వీళ్ళే మొదలంట. వాళ్ళకు దారి చూపేదానికి ప్రత్యేకంగా సంఘాలుండాయి, వాళ్ళలోనుంచి వచ్చిన పెద్ద పెద్ద ప్రొఫెసర్లుండారు. మీ కాలంలో మనోళ్ళకు ఇట్లాంటివి ఉన్నాయా?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "ఆలోచించి చెప్తాలే అమ్మా" అన్నాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

హిస్పానిక్కులు ఎవరు?

స్పానిష్ భాష మాట్లాడే మెక్సికో మొదలైన దేశాల మూలాలు గల అమెరికా ప్రజలను హిస్పానిక్కులు అంటారు. వీరిలో కొందరు వలస వచ్చినవారు. కొందరి పూర్వీకులు ఎక్కడికీ వలస రాలేదు. టెక్సాస్, కాలిఫోర్నియా వంటి ప్రాంతాలు ఒకప్పుడు మెక్సికోలోనివే. 1848 నాటికి అవి అమెరికా వశమయ్యాయి. మనుషులు ఉన్నచోటనే ఉన్నారు, ఏలేవాళ్ళు మారారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మన జిల్లాలే గుర్తుకు వచ్చాయి. 1800లో నిజాం నవాబు మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. అప్పటి నుండి మనకు దత్తమండలం అనే పేరు పడింది. మనల్ని ఎవరూ అడగలేదు.

హిస్పానిక్ విద్యావేత్తల్లో తొమాస్ రివేరా అనే ఆయన గురించి చెప్పాలి. 1935లో టెక్సాస్‌లోని క్రిస్టల్ సిటీ అనే చిన్న ఊరిలో పుట్టారు. తల్లిదండ్రులు పంటల వెంట ఊరూరా తిరిగే వ్యవసాయ కూలీలు. ఆయన కూడా వాళ్ళతో తిరిగి కూలి చేస్తూనే చదువుకున్నారు. డాక్టరేటు సంపాదించి, రచయితగా పేరు తెచ్చుకుని, 1979లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ ప్రాంగణానికి అధిపతి అయ్యారు. ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో అటువంటి పదవి పొందిన తొలి హిస్పానిక్ ఆయనే. 1984లో నలభై ఎనిమిదేళ్ళకే కన్నుమూశారు. తరువాత 1986లో హిస్పానిక్ విద్యార్థులు ఎక్కువగా చదివే కళాశాలలు కొన్ని కలిసి ఒక జాతీయ సంఘంగా ఏర్పడ్డాయి. 1992లో అమెరికా ప్రభుత్వం అటువంటి కళాశాలలను చట్టంలో గుర్తించింది. విద్యార్థుల్లో కనీసం నూటికి 25 మంది హిస్పానిక్కులు ఉండాలన్నది అందులో ముఖ్యమైన నియమం.

దీనిలో మనం గమనించవలసింది ఒకటుంది. కళాశాల తలుపు తెరవడం ఒక ఎత్తు. లోపల పెద్ద కుర్చీలో మనలాంటి ఇంటి నుండి వచ్చినవాడు కూర్చుని కనపడడం మరొక ఎత్తు. మొదటిది లేకపోతే పిల్లవాడు రాలేడు. రెండవది లేకపోతే వచ్చినవాడికి ధైర్యం చాలదు. మన సీమ చరిత్రలో ఈ రెండూ ఎలా జరిగాయో ఒకసారి సింహావలోకనం చేద్దాం.

చదువుకు దేశం పోయిన రోజులు

విజయనగర రాజులు 1565 యుద్ధం తరువాత రాజధాని చేసుకున్న పెనుకొండ మన పక్కనే ఉంది. అలాంటి నేలలో ఇంగ్లీషు కాలం వచ్చేసరికి డిగ్రీ చదువుకు చోటు లేకపోయింది. 1882లో బళ్ళారి నుండి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు. జిల్లా వచ్చిన తరువాత కూడా 34 సంవత్సరాలు ఇక్కడ కళాశాల లేదు. చదువు కావాలంటే మద్రాసు పోవాలి, లేదా మైసూరు పోవాలి.

అలా పోయినవారిలో మనకు అతి దగ్గరివారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు. కంబదూరు మండలంలోని రాళ్ళపల్లిలో 1893లో జన్మించారు. సంస్కృతం చదువుకోవడానికి మైసూరు వెళ్ళారు. అక్కడి మహారాజా కళాశాలలో అప్పుడు ఆచార్యులుగా ఉన్నవారు చిత్తూరు జిల్లాకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయన ఈ యువకుని ప్రతిభను గుర్తించారు. 1912లో, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, శర్మగారు అదే కళాశాలలో తెలుగు పండితులుగా చేరి 1949 దాకా బోధించారు. ఆ తరువాత తిరుపతిలో అన్నమాచార్యుల కీర్తనలకు స్వరకల్పన చేశారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకుని, 1979లో పరమపదించారు.

ఇక్కడ నేను ముఖ్యంగా మనవి చేసేది బిరుదుల గురించి కాదు. పరాయి సంస్థానంలో, కన్నడ దేశంలో, ఒక సీమ పల్లె యువకుడికి కళాశాలలో చోటు దొరికింది. ఎందువల్ల? అప్పటికే అక్కడ ఒక సీమ పెద్దమనిషి ఉన్నందువల్ల. ఆయన చూశాడు, గుర్తించాడు, పిలిచాడు. మా మనుమరాలు అడిగిన 'దారి చూపే సంఘం' ఆ రోజుల్లో ఆ ఒక్క మనిషే.

అనంతపురం కళాశాల

1916లో అనంతపురంలో దత్తమండల కళాశాల ప్రారంభమైంది. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదే. తొలినాళ్ళలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కొద్దికాలం ఇక్కడ తత్త్వశాస్త్రం బోధించారు. ఇల్లూరు గ్రామంలో 1913లో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు ఇక్కడ విద్యార్థి. ఒకే కళాశాలలో ఒక రాష్ట్రపతి పాఠం చెప్పారు, మరొక రాష్ట్రపతి పాఠం విన్నారు. ఇద్దరూ ఒకే కాలంలో లేరు గానీ, గోడలు అవే.

సంజీవరెడ్డి గారు డిగ్రీ పూర్తి చేయలేదు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చిన ప్రభావంతో 1931లో చదువు మానేసి ఉద్యమంలో దిగారు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1958లో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఆయన తరువాత ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య గారు కూడా ఈ కళాశాల విద్యార్థే. కర్నూలు జిల్లా పెద్దపాడులో 1921లో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. అనంతపురంలో బి.ఏ. చదివి, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేశారు. 1960లో 38 ఏళ్ళ వయసులో ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన. అనంతపురంలో ఆ కళాశాల లేకుంటే ఆ పిల్లవాడి చదువు ఎక్కడ ఆగిపోయేదో ఎవరు చెప్పగలరు?

'రాయలసీమ' అనే పేరు కూడా ఈ కళాశాలతో ముడిపడినదే. దత్తమండలం అంటే ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని అర్థం. ఆ పేరు మనవాళ్ళకు అవమానంగా తోచింది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ అనే పేరును సూచించినవారు చిలుకూరి నారాయణరావు గారు. ఆయన ఈ కళాశాలలో తెలుగు అధ్యాపకులు. పుట్టింది ఉత్తరాంధ్రలో. ఎక్కడి నుండో వచ్చిన అయ్యవారు మనకు మన పేరు ఇచ్చి పోయారు.

విశ్వవిద్యాలయం కోసం

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలి ఉపకులపతి ఎవరో కాదు, మైసూరులో శర్మగారిని గుర్తించిన ఆ కట్టమంచి రామలింగారెడ్డి గారే. 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా రాజీనామా ఇచ్చిన ఆత్మాభిమాని. 1936లో తిరిగి వచ్చి 1949 దాకా ఆ పదవిలో ఉన్నారు. అయితే విశ్వవిద్యాలయ కేంద్రం ఎక్కడుండాలన్న దానిపై చాలా వాదోపవాదాలు జరిగాయి. అనంతపురంలో పెట్టాలని మనవాళ్ళు అడిగారు. చివరకు వాల్తేరులో స్థిరపడింది. మన జిల్లాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే ఉండిపోయాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దినవాడు సీమ బిడ్డ, సీమ పిల్లలకు మాత్రం అది దూరపు చుట్టం.

ఈ నొప్పి మనసులో ఉంది కనుకనే, ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం కోస్తా నాయకులు చేయి కలపమన్నప్పుడు సీమ నాయకులు ముందు మాట తీసుకున్నారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు 'శ్రీబాగ్'లో ఒడంబడిక జరిగింది. శ్రీబాగ్ ఒడంబడిక అనగానే మనకు నీళ్ళు, రాజధాని, హైకోర్టు గుర్తుకు వస్తాయి. కానీ అందులోని విషయాల్లో మొట్టమొదటిది విశ్వవిద్యాలయం. వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం అభివృద్ధి చేయాలని అందులో రాసుకున్నారు. సంతకాలు చేసిన సీమ నాయకుల్లో హిందూపురం ప్రాంతపు కల్లూరు సుబ్బారావు గారు, అనంతపురం పప్పూరు రామాచార్యులు గారు, కడప కోటిరెడ్డి గారు ఉన్నారు. కరువు సీమ నాయకులు నీళ్ళతో పాటు చదువునూ అడిగారు. ఈ సంగతి మన పిల్లలకు తెలియవలసినది.

నలభై నాలుగేళ్ళు

ఆ మాట ఎప్పుడు నెరవేరింది? 1946లో అనంతపురం ఇంజనీరింగు కళాశాలను ముందు మద్రాసు గిండీ ఆవరణలో ప్రారంభించి, 1948లో ఇక్కడికి తరలించారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి సంవత్సరం, 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. మన కళాశాలలు దాని పరిధిలోకి చేరాయి. 1968లో ఆ విశ్వవిద్యాలయం వారు అనంతపురంలో పి.జి. కేంద్రం తెరిచారు. 1976లో దానికి స్వయంప్రతిపత్తి వచ్చింది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా మారింది. లెక్క వేసి చూడండి. 1937లో రాసుకున్న మాట 1981లో నిజమైంది. మధ్యలో 44 సంవత్సరాలు. అంటే ఒక మనిషి బడిలో చేరి, ఉద్యోగం చేసి, పదవీ విరమణకు దగ్గరపడేటంత కాలం.

మధ్యలో మరొక ముఖ్యమైన మార్పు ఉంది. 1973 ఆరు సూత్రాల పథకాన్ని అనుసరించి 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఉన్నత విద్యలో నూటికి 85 సీట్లు స్థానికులకు కేటాయించారు. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వెంకటేశ్వర అని మూడు విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విభజించారు. మన నాలుగు సీమ జిల్లాలు, నెల్లూరు కలిసి ఒక ప్రాంతం. ఆఫీసుల్లో పనిచేసిన మన సభ్యులు ఎంతమంది పిల్లలకు స్థానిక ధ్రువపత్రాలు రాసి ఇచ్చారో! ఆ కాగితం విలువ అప్పుడు మనకు పూర్తిగా తెలియలేదేమో. అది ఒక పిల్లవాడికి డాక్టరో, ఇంజనీరో అయ్యే దారి.

ఆడపిల్లల చదువు గురించి కూడా చెప్పాలి. 1968లో అనంతపురంలో శ్రీ సత్యసాయి మహిళా కళాశాల ప్రారంభమైంది. 1981లో పుట్టపర్తి కేంద్రంగా సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ ఏర్పడినప్పుడు ఆ కళాశాల అందులో భాగమైంది. 1983లో తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. మగపిల్లలకే దూరమైన చదువు ఆడపిల్లలకు ఇంకెంత దూరమో వేరే చెప్పనక్కరలేదు. దగ్గర్లో ఆడపిల్లల కళాశాల ఉంటేనే పంపేవారు. లేకుంటే పెండ్లి చేసేవారు.

తరువాతి కాలంలో వరుసగా వచ్చాయి. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, అదే ఏడు అనంతపురంలో సాంకేతిక విశ్వవిద్యాలయం, 2018లో అనంతపురంలోనే కేంద్రీయ విశ్వవిద్యాలయం.

నా సొంత సంగతి

ఈ 44 సంవత్సరాలు కాగితం మీద అంకె మాత్రమే కాదు. మన తరం మొత్తం ఆ మధ్యలోనే ఉంది. నేను 1963లో పి.యు.సి.లో చేరడానికి ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ధర్మవరం వచ్చి, మీటరు గేజి రైలెక్కి అనంతపురం పోయాను. మా ఇంట్లో కళాశాల ముఖం చూసినవాణ్ణి నేనే మొదలు. అవ్వ కట్టిచ్చిన సద్ది మూట రైల్లో విప్పడానికి సిగ్గుపడి, ఆకలితోనే దిగాను. తరగతిలో ఇంగ్లీషు పాఠం మూడు నెలలు అర్థం కాలేదు. తిరిగి వచ్చేద్దామనుకున్నాను. మా అధ్యాపకులు ఒకరు, ఆయనదీ కరువు పల్లెనే, సాయంత్రం పిలిచి, "నేను కూడా మూడు నెలలు ఏడ్చినాను. నాలుగో నెల నుంచి అర్థమైతాది. ఉండు" అన్నారు. ఉన్నాను.

1967లో బి.ఏ. పాసయ్యాను. యం.ఏ. చదవాలని ఆశ. యం.ఏ. అంటే తిరుపతి. ఆ ఏడు చెనక్కాయ పంట పోయింది. నాయన అరుగు మీద కూర్చుని, "తిరుపతికి పంపే శక్తి నాకు లేదప్పా" అన్నాడు. నేను బడిపంతులు ఉద్యోగంలో చేరాను. మరుసటి ఏడాదే అనంతపురంలో పి.జి. కేంద్రం తెరిచారు. ఒక్క సంవత్సరం తేడా. ఎవరినీ నిందించడం లేదు. తరువాత ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా యం.ఏ. కట్టి పాసయ్యాను. కానీ శ్రీబాగ్‌లో రాసిన మాట ఇరవై ఏళ్ళ ముందు నెరవేరి ఉంటే మనలో ఎంతమంది జీవితాలు వేరుగా ఉండేవో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇది చదువుతున్న మీలో చాలామందికి ఇలాంటి కథ ఒకటి ఉంటుంది.

ఇప్పుడు మన వంతు

విశ్వవిద్యాలయాలు వచ్చాయి కదా, ఇంకేమి అనుకునేవాణ్ణి. రెండేళ్ళ కింద జరిగిన సంగతి నా కళ్ళు తెరిపించింది. మా వీధిలో ఒక అమ్మాయి ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. తల్లిదండ్రులు కూలికి పోతారు. కంప్యూటర్లో దరఖాస్తు పెట్టాలని, ఫలానా తేదీలోపు కళాశాలలు ఎంచుకోవాలని ఆ ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. గడువు దాటిపోయింది. ఆ అమ్మాయి హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీలో పనికి పోసాగింది. నాకు తెలిసేసరికి ఆరు నెలలైంది. వాళ్ళ ఇల్లు మా ఇంటికి నాలుగిండ్ల అవతల. 37 సంవత్సరాలు ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి, నాలుగిండ్ల అవతల ఉన్న పిల్లను కనుక్కోలేకపోయాను. కళాశాల దగ్గరకు వచ్చింది. దారి చూపే మనిషి దూరమయ్యాడు. ఆ మనిషిని నేనే.

మరుసటి సంవత్సరం మా మిత్రులం ముగ్గురం కూర్చుని ఆ అమ్మాయి చేత దరఖాస్తు పెట్టించాం. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. మేము చేసింది పెద్ద పనేమీ కాదు. ఒక సాయంత్రం, నాలుగు కాగితాలు.

కనుక సంఘ సభ్యులకు రెండు విన్నపాలు. ప్రతి వేసవిలో మన సంఘం గదిలో వారానికి ఒక పూట కూర్చుందాం. ఇంట్లో మొదటిసారి కళాశాలకు పోయే పిల్లలకు దరఖాస్తులు, ధ్రువపత్రాలు, ఉపకార వేతనాల విషయం చెబుదాం. ఈ పని మనకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? జీవితమంతా ఫైళ్ళతోనే గడిపినవాళ్ళం. రెండవది, మీరు ఎలా చదువుకున్నారో, ఎవరు చేయి పట్టుకున్నారో రెండు పుటలు రాసి సంఘానికి ఇవ్వండి. పెద్దవాళ్ళ చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. ట్రంకు పెట్టె మోసినవాళ్ళ చరిత్ర మనం రాయకపోతే మనతోనే పోతుంది.

మా మనుమరాలికి చివరకు ఇలా జవాబు చెప్పాను: "మా కాలంలో సంఘాలు లేవమ్మా. కట్టమంచి వారి వంటివారు ఒకరు, 'ఉండు' అన్న మా అయ్యవారి వంటివారు ఒకరు ఉండేవారు. వాళ్ళే మా సంఘం." ఆ అమ్మాయి కాసేపు ఊరుకుని, "ఇప్పుడు మీకు సంఘం ఉంది కదా తాతా" అంది.

ఉంది.

— రామగిరి నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు